ఖాళీ గిన్నె

ఆ సాయంత్రం కూడా కాసులమ్మ ఇంట్లో ఊసుపెట్టె పలికింది. వీధరుగు మీద ఎండుచేపలు ఏరుతున్న కాసులమ్మ చేటను పక్కకు నెట్టి లోపలికి పరిగెత్తింది. పెట్టె ముందు చతికిలబడి, దాని మీది ఇసుకను కొంగుతో తుడిచి, "సెప్పు మావా" అంది.

పెట్టెలోంచి ఎల్లాజీ గొంతు వచ్చింది. నడిసముద్రంలో బోటు మీదున్న మనిషి గొంతు, పక్కగదిలోంచి పిలిచినంత తేటగా ఉంది.

"అంతా బాగుంది. వేళకు తింటున్నాను. దిగులు పెట్టుకోకు. నీ మీద నాకేం కోపం లేదు."

కాసులమ్మ చప్పట్లు కొట్టి, గుమ్మంలో నిలబడ్డ సత్యవేణి వైపు తిరిగింది. "ఇన్నావా సత్తెవేణప్పా! కోపం నేదంట. ఎల్లిననాడు పీతల పులుసులో ఉప్పెక్కువైందని కంచం తోసేసి, సద్దిమూటైనా అందుకోకుండా ఎల్లిపోనాడు. అలిగితే పండగొచ్చినా పలకని మనిషి! సంద్రం మీదకెల్లి బుద్ధి తెచ్చుకున్నాడు."

సత్యవేణి నవ్వలేదు. ఇంటికి పోతూ దారిలో పలకరిద్దామని ఆగిన మనిషి, గుమ్మం పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"కాసులూ, ఎల్లాజీ ఎప్పుడైనా 'దిగులు పెట్టుకోకు' అన్నాడే నీతో?"

"ఆడా? ఆడి నోట అలాటి మాట ఈ జన్మలో ఇన్నేదు. పెట్టె పుణ్యమాని ఇన్నాను. ఏటప్పా, మొకం అలగెట్టీసినావు?"

"ఏం లేదే. ఎండ దెబ్బ" అని సత్యవేణి గబగబా మెట్లు దిగింది. కానీ ఇంటి వైపు పోలేదు. వచ్చిన దారినే, దాదాపు పరుగులాంటి నడకతో, మళ్ళీ తీర కేంద్రం వైపు పోయింది. ఆ మాటలు ఎల్లాజీవి కావు. అవి ఆమె రాసినవి.

గవ్వలపేట ఇసుకదిబ్బ వెనక ఉన్న తీర కేంద్రంలోనే ఊసుపెట్టె పుట్టింది. వేటకు పోయిన బోటు ఒడ్డు కనబడనంత దూరం పోయాక సెల్‌ఫోను మూగబోతుంది. ఆకాశంలోంచి దొరికే సిగ్నలు నూలుపోగంత సన్నం. నాలుగు క్షణాల చప్పుడుకు మించి దాని మీద పట్టదు, మనిషి మాటలన్నీ గొంతుతో సహా నడిచి రాలేవు. అందుకని బోటులో ఒక పెట్టె, అందులో వెళ్ళిన ప్రతి మనిషి ఇంట్లో ఒక పెట్టె పెట్టారు. బోటు పెట్టెలో ఒక ఏజెంట్ ఉంటుంది. అది మనిషి కాదు, మనిషి చెప్పిన మాట అర్థం చేసుకుని పని చక్కబెట్టే కంప్యూటరు బుద్ధి. బోటులోని వాళ్ళు మాట్లాడుకునేది వింటుంది, ఇంటికి చెప్పవలసినదాన్ని ఏరుతుంది, మూటగట్టి, సిగ్నలు తగిలిన ఆ కాస్త సేపట్లో ఒడ్డుకు పంపుతుంది. ఇంటి పెట్టె ఆ మాటల్ని ఆ మనిషి గొంతుతోనే పలుకుతుంది. అతని గొంతు అచ్చు అందులో ముందే ఉంటుంది కనుక.

ఏజెంటుకు చేతులు లేవు. దానికి చేతులంటే, విన్న మాటల ఫైలును ఒడ్డుకు పంపే అప్‌లోడ్ టూలే. ఆ టూలును ఎప్పుడు వాడాలి, ఎలా వాడాలి, ఏది పంపాలి, పని కుదరకపోతే ఏం చెయ్యాలి అన్నదంతా ఒక వివరపత్రంలో ఉంటుంది. మనుషులెవరూ చదవని పత్రం అది. ఏజెంట్ మేల్కొన్న ప్రతిసారీ, నిన్నటి సంగతి ఏదీ గుర్తులేకుండా మేల్కొని, మొదట దాన్నే చదువుకుంటుంది. అందులో ఉన్నదే దానికి లోకం. ఆ పత్రం రాసేది సత్యవేణి.

మొదట ఇంజనీర్లు రాసిన పత్రం పొడిగా ఉండేది. ఫైలులో మాటలు లేకపోతే తప్పు జరిగినట్టు తెలియజెయ్యి, అంతే. అలా తెలియజేస్తే ఇంటి పెట్టెలో ఎర్రదీపం వెలిగి బయ్‌మని మోగేది. అది మోగితే చాలు, ఆడవాళ్ళు జుట్లు విరబోసుకుని కేంద్రానికి పరిగెత్తుకొచ్చేవారు. తీరా చూస్తే బోటులో అందరూ నిద్రపోయి ఉండేవారు, లేకపోతే పెట్టె చెవిలోకి ఉప్పునీళ్ళు పోయి ఉండేవి. వాళ్ళ ఏడుపు చూడలేకపోయింది సత్యవేణి. ఆమె పుట్టింది ఆ పేటలోనే. ఆమె అన్న కనకరాజు తుఫానులో తిరిగిరాలేదు. ఏ కబురూ రాలేదు, చచ్చిపోయాడన్న కబురు కూడా రాలేదు. తల్లి మాత్రం బతికినన్నాళ్ళూ పొద్దుగూకితే రేవులో నిలబడేది.

ఆ తల్లే నేర్పింది, పొరుగింటి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని. కూరో పులుసో పెట్టి ఎవరైనా గిన్నె పంపితే, కడిగి, గుప్పెడు బియ్యమో బెల్లంముక్కో, ఇంట్లో ఏమీ లేనినాడు నాలుగు ఉప్పురాళ్ళో వేసి పంపేది. అదే సత్యవేణి పత్రంలోకి తెచ్చింది. "పొరుగింటి గిన్నె ఖాళీగా పంపరు. ఫైలులో మాటలు దొరక్కపోతే ఖాళీగా పంపకు. ఏదో ఒకటి పెట్టి పంపు." ఏదో ఒకటి అంటే బోటు ఎక్కడుందో, గాలి ఎటుందో అని ఆమె ఉద్దేశం. ఆ ముక్క విడిగా రాయవలసిన పనే కనబడలేదు ఆమెకు. పక్కింటి గిన్నెలో ఏం పెట్టాలో ఏ పేటలోనూ ఎవరికీ చెప్పనక్కర్లేదు కదా. ఇంటికి చేరే మాట ఎలా ఉంటే బాగుంటుందో తెలియడానికి, అలవాటు ప్రకారం, అడుగున ఒక ఉదాహరణ ఇచ్చింది. కనకరాజు నుంచి ఒక్కసారైనా తల్లి వినివుంటే బాగుండునని తాను అనుకున్న మాటలే రాసింది. అంతా బాగుంది. వేళకు తింటున్నాను. దిగులు పెట్టుకోకు.

ఆనాటి నుంచి గవ్వలపేటలో ఎర్రదీపాలు వెలగలేదు.

కేంద్రం పెద్ద నస్రీన్ తలుపుకు తాళం వేస్తూ ఉంది. సత్యవేణి రొప్పు చూసి తాళం మళ్ళీ తీసింది.

"ఎల్లాజీ బోటు నుంచి వచ్చిన ఫైళ్ళు తియ్యమ్మా. ఇంటికి చేరినవి కాదు, బోటులోంచి బయల్దేరినప్పటివి."

"ఇప్పుడా? రేపు చూద్దురు గాని కూర్చోండి. ఆ చెమటేంటి?"

"తియ్యి నస్రీన్."

నస్రీన్ తీసింది. బోటు వెళ్ళిన కొన్నాళ్ళకు సముద్రంలో వాయుగుండం కొట్టింది; ఆ రోజు వరకూ ఫైళ్ళ నిండా మాటలున్నాయి. వల తెగిందని తిట్లు, టీ చల్లారిందని తిట్లు, బోటులో పనిచేసే కుర్ర కలాసీ దాసు తన తల్లి పోలమ్మకు చెప్పమన్న కబుర్లు. వాయుగుండం తరవాత ఒక్క మాట లేదు. ప్రతి ఫైలు పక్కనా ఏజెంట్ రాసిన చిన్న గమనిక ఉంది: "మాటలు దొరకలేదు. పత్రంలో చెప్పినట్టు పెట్టి పంపాను."

అది ఏదీ దాచలేదు. కానీ తప్పు జరిగిందని చెప్పలేదు కనుక దాని గమనికను ఎవరూ చదవలేదు.

నస్రీన్ కుర్చీలో వెనక్కి వాలింది. "కోపం లేదన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చింది? అది మీ ఉదాహరణలో లేదే?"

"కాసులమ్మ రోజూ పెట్టెతో మాట్లాడుతుంది. కోపం పోయిందా మావా, కోపం పోయిందా అని. అవి బోటుకు చేరతాయి కదా. ఆమెకేది కావాలో దానికి తెలిసింది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. చెప్పుకోనక్కర్లేని సంగతి మరొకటి ఉంది. వాయుగుండం తగ్గాక గాలింపు అధికారులు ఫోను చేసి, మీ పెట్టెలున్న బోట్లలో ఏదైనా మూగబోయిందా అని అడిగారు. లేదు, అన్నీ మాట్లాడుతున్నాయని ఈ గదిలోంచే జవాబు వెళ్ళింది. మాట్లాడే బోటును ఎవరు వెతుకుతారు?

నస్రీన్ వాళ్ళకు ఫోను చేసింది. అవతలివాళ్ళు వెంటనే బయల్దేరతామన్నారు గాని, ఎటు బయల్దేరాలని అడిగారు. సిగ్నలు సన్నం కదా, మాటలు పంపే ఆత్రంలో ఏజెంట్ బోటు జాడ పంపడం ఎప్పుడో మానేసింది. దాన్ని అడగాలంటే దారి ఒక్కటే. అది మళ్ళీ మేల్కొనేలోగా పత్రం మార్చాలి. మళ్ళీ సిగ్నలు తగిలేది తెల్లవారాకే.

"ఆ ఒక్క బోటుకే మార్చలేమా?"

"పత్రం అన్నిటికీ ఒక్కటే సత్యవేణి గారూ. మీరు మారిస్తే ఈ తీరమంతా మారుతుంది. ఎన్ని ఇళ్ళలో ఎన్ని పెట్టెలు ఇలా పలుకుతున్నాయో మనకి తెలీదు. పొద్దున్నే అన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. జనం మన మీద పడతారు."

"పడనీ."

"మీ వాక్యం పెట్టాక ఒక్క ఫిర్యాదు రాలేదని పైవాళ్ళకి గొప్పగా రాసింది నేనేనండీ" అని నవ్వింది నస్రీన్. ఆ నవ్వులో ఏడుపుంది.

సత్యవేణి రాయడానికి కూర్చుంది. ఇన్నాళ్ళూ రాసింది వేరు, ఇప్పుడు రాసేది వేరు. ప్రతి మాటా వెనక్కి తిప్పి చూసుకుంది. దీన్ని ఏ అలవాటూ తెలియనివాడు, అమ్మ ఒళ్ళో పెరగనివాడు, చెప్పింది చెప్పినట్టు చేసేవాడు చదివితే ఏమనుకుంటాడు? ఒక మాట రాసి, అది ఇంకెక్కడికి దారితీస్తుందోనని కొట్టేసి, మళ్ళీ రాసింది. చివరికి మిగిలింది ఇంతే:

"ముందు బోటు ఎక్కడుందో పంపు. మాటలు దొరకకపోతే, మాటలు లేవని చెప్పు. నీ సొంతంగా దేన్నీ చేర్చకు. మిగిలిన జాగాలో, విన్న చప్పుడు విన్నట్టు పంపు. వినేవాళ్ళు బాధపడతారేమోనని చూడకు. ఆ భారం నీది కాదు."

అడుగున ఉదాహరణ ఇవ్వలేదు.

తెల్లవారింది. నస్రీన్ అన్నట్టే పెట్టెలన్నీ ఆగాయి. ఎల్లాజీ గొంతూ లేదు, దాసు గొంతూ లేదు. ఎవరిదీ కాని ఒక మామూలు గొంతు "మాటలు లేవు" అంది. ఎండ చురుక్కుమనేలోగా కేంద్రం ముందు ఇసుక కనబడనంత మంది ఆడవాళ్ళు. అందరికంటే ముందు పోలమ్మ. ఆమెకు చెవులు సరిగా వినబడవు. అందుకని ఊసుపెట్టెనే చంకలో పెట్టుకుని వచ్చేసింది.

"రోజూ మాటాడతన్నాడు నా కొడుకు. నిన్న కూడా వేళకి తింతన్నానన్నాడు. ఇయాలేటైనాది దీనికి? బాగుసెయ్యండి" అని పెట్టెను బల్ల మీద పెట్టింది.

సత్యవేణి చెప్పింది. గట్టిగా చెప్పవలసి వచ్చింది, పోలమ్మకు వినబడాలి కనుక. చెబుతుంటే తన గొంతు తనకే కొట్టినట్టు తగిలింది. వాయుగుండం తరవాత బోటులోంచి ఏ మాటా రాలేదని, విన్నవన్నీ పెట్టె కల్పించినవని, కల్పించమన్నట్టు రాసింది తానేనని.

కాసులమ్మ ముందుకు వచ్చింది.

"కోపం నేదన్న మాట? అదీ ఆడిది కాదా?"

"కాదు కాసులూ."

"నీదా?"

"నేను పెట్టి పంపమన్నందుకే వచ్చింది. నాదే అనుకో."

"మరి నువ్వెవత్తివే?" అంది కాసులమ్మ. ఎప్పట్లా అక్కను పిలిచినట్టు అప్పా అనలేదు. "నా మొగుడికి నా మీద కోపం నేదని సెప్పడానికి నువ్వెవత్తివి? ఆ మాట ఇని నాను కడుపునిండా తిన్నాను. నవ్వాను. గెడ్డిపువ్వు తల్లో ఎట్టుకున్నాను. ఆడక్కడ ఏటైపోనాడో తెల్దు గాని, నాను పువ్వెట్టుకున్నాను!"

లోపల్నుంచి నస్రీన్ కేక వేసింది. ఇళ్ళకు పోయే మాట నేరుగా పోతుంది, జాడా చప్పుడూ ఉన్న ఫైలు వరుసలో నిలబడి కేంద్రానికి వస్తుంది; ఎల్లాజీ బోటుది ఇప్పుడు దిగుతోంది. ముందు జాడ వచ్చింది. నస్రీన్ దాన్ని ఫోనులో గాలింపు వాళ్ళకు చదివి వినిపిస్తుండగా, మిగిలిన చప్పుడు స్పీకరులోంచి వచ్చింది.

ఏమీ లేదు. నీళ్ళు. బోటు పక్కకు నీళ్ళు తపతపా తగులుతున్న చప్పుడు, ఇంజను ఊపిరి లేదు. ఇన్నాళ్ళూ ఏజెంట్ ఖాళీ అనుకున్నది ఇదేనన్నమాట, అని సత్యవేణి అనుకుంటూ ఉండగానే నీళ్ళ వెనక ఇంకేదో వినబడింది. టక్. టక్. మళ్ళీ ఆగి, టక్. కర్ర మీద కర్ర.

గుమ్మంలో ఆడవాళ్ళంతా ఒక్కసారి కదిలారు. ఆ చప్పుడు అక్కడ పుట్టినవాళ్ళకు ఉగ్గుపాలతో వచ్చింది. చేపను వల వైపు తోలడానికి బోటు పక్కన కర్రతో కొడతారు. ఇది వేట దెబ్బలా లేదు, నీరసంగా ఉంది. కానీ కర్ర దానంతట అది కొట్టుకోదు.

"బతికున్నారు" అంది కాసులమ్మ. తరవాత అరిచింది. "ఒలమ్మా, బతికున్నారు! గొంతులెండిపోయి మాటాడనేక కొడతన్నారు!"

ఆ చప్పుడు ప్రతి ఫైలులోనూ ఉండే ఉంటుంది. ప్రతిరోజూ ఎవరో కర్ర పట్టుకుని పిలుస్తూనే ఉన్నారు. దాని మీద సత్యవేణి మాటలు పరుచుకుంటూ వచ్చాయి. ఆమె చెవిని స్పీకరుకు ఆనించి మళ్ళీ వింది. అప్పుడు ఆమెను ఎవరూ చూడలేదు, అందరూ రేవుకు పరిగెత్తుతున్నారు.

గాలింపు పడవ మర్నాడు పొద్దున వాళ్ళను రేవుకు తెచ్చింది. ఇంజను చచ్చి, నీళ్ళ డ్రమ్ములు కొట్టుకుపోయి, పెట్టె చెవిలోకి ఉప్పునీళ్ళు పోయి తమ మాటలు దానికి అందడం లేదని కర్రతో కొడుతూ, టార్పాలిన్ మీద పడ్డ వానచుక్కలు నాకి బతికారట. ఎల్లాజీని మంచం మీద దింపారు. పెదాలు చీలిపోయి, కళ్ళు గుంటలై, గడ్డం ఉప్పు పట్టి తెల్లగా ఉంది. కాసులమ్మ జనాన్ని తోసుకుని వెళ్ళి, "మావా" అంది.

ఎల్లాజీ కళ్ళు తెరిచి, ఆమెను గుర్తుపట్టి, మెల్లగా, చాలా కష్టం మీద, మొహం అటు తిప్పుకున్నాడు.

కాసులమ్మ ఇసుకలో కూలబడి నెత్తి బాదుకుంటూ నవ్వింది. "ఇదీ ఆడు! ఇదీ నా మొగుడు! సచ్చి బతికొచ్చినా అలక మాననేదు సూడండర్రా! తిప్పుకో మావా, తిప్పుకో, ఎన్నాళ్ళు తిప్పుకుంటావో తిప్పుకో!"

కలాసీలు ఒక్కొక్కరే దిగారు. ఒక్కొక్కరి చుట్టూ ఒక్కొక్క ఇల్లు మూగింది. పోలమ్మ చివరి వరకూ ఎదురుచూసింది. దాసు దిగలేదు. వాయుగుండం కొట్టిన మొదటి దెబ్బకే, డ్రమ్ములతో పాటు పోయాడట. ఎల్లాజీ తాడు విసిరాడట, అందలేదట. అంటే పెట్టెలో దాసు గొంతు వేళకు తింటున్నానని చెప్పిన రోజులన్నిటా దాసు లేడు.

పోలమ్మ ఏడవలేదు. వినబడలేదేమోనని ఎవరో మళ్ళీ చెప్పబోతే చేత్తో వారించింది.

ఆ ఇంట్లో పొయ్యి వెలగదు కనుక ఇరుగుపొరుగు వంతులేసుకుని అన్నం పెట్టారు. తన వంతు ఎవరూ చెప్పకపోయినా సత్యవేణి వెళ్ళింది. తల్లి వాడిన పాత సత్తుగిన్నెలో జావ కాచి తీసుకుపోయింది. దారిలో ఇద్దరు ఆమెను చూసి మొహాలు తిప్పుకున్నారు. కాసులమ్మ మాత్రం అరుగు మీద నుంచి, "అప్పా, ఆ ముసల్దాని కాడ గట్టిగా మాటాడు, నేపోతే ఇనపడదు" అంది. అప్పా అన్నందుకే సత్యవేణి కళ్ళు నిండాయి.

పోలమ్మ గోడకు ఆనుకుని ఉంది. ఒళ్ళో ఊసుపెట్టె. సత్యవేణి జావ ముందు పెట్టి పక్కన కూర్చుంది. జావ వైపు చూడకుండానే పోలమ్మ అంది.

"మళ్ళీ రాసీమ్మా."

"ఏంటి పిన్నీ?"

"నువ్వు ముందల రాసినావు కదా, అది. కాలీగా పంపకని. నా ఒక్కదాని పెట్టెకి రాసీ. ఊరందరికీ వొద్దు."

"అందులో వాడు లేడు పిన్నీ."

"నాకు తెల్దేటి? ఆడు నేడని తెలిసే అడగతన్నాను. రోజుకో మాట. వేళకి తిన్నానని ఒక్క మాట."

ఇంటి పెట్టెలో దాసు గొంతు అచ్చు అలాగే ఉంది. పత్రం అందరికీ ఒక్కటే అయినా, కేంద్రం నుంచి ఈ ఒక్క పెట్టెకు ఒక్క వాక్యం రాసి పంపితే పలుకుతుంది. రోజూ పలుకుతుంది, పోలమ్మ ఏది వినాలనుకుంటే అది. తన తల్లికి ఎవరైనా ఇలాంటిది ఇస్తానంటే తాను వద్దనేదా? వెళ్ళి రాసేద్దామని లేవబోయింది కూడా. లేవబోతే ఆ టక్, టక్ మళ్ళీ చెవుల్లో మోగింది. మాట పరిస్తే దాని కింద ఏముందో ఎప్పటికీ వినబడదు.

"రాయలేను పిన్నీ" అంది. పోలమ్మకు వినబడలేదేమో. ఇంకోసారి, గట్టిగా, "రాయలేను" అంది.

పోలమ్మ ఆమె వైపు చూసింది. తిట్టలేదు. పెట్టెను ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది. జావ గిన్నె దగ్గరికి లాక్కుని, ఒక్కొక్క గుక్కే తాగింది. తాగుతుంటే కన్నీళ్ళు దారి దొరికినట్టు దిగాయి, గిన్నెలోకి, గడ్డం మీదికి. సత్యవేణి తుడవలేదు.

తాగడం అయ్యాక పోలమ్మ పెరట్లోకి వెళ్ళి గిన్నె కడిగింది. తిరిగి వస్తూ అలవాటు కొద్దీ ఉప్పుకుండ దగ్గర ఆగింది. చెయ్యి లోపలికి వెళ్ళబోయి, ఆగిపోయింది. చావు జరిగిన ఇంటి నుంచి ఏదీ బయటికి వెళ్ళకూడదు. ఖాళీ గిన్నెనే తెచ్చి సత్యవేణి చేతిలో పెట్టింది.

"ఏటీ ఎట్టనేదు" అంది.

"పర్లేదు పిన్నీ."

వస్తానని చెప్పకుండా సత్యవేణి మెట్లు దిగింది. రేవు వైపు నుంచి గాలి గట్టిగా వీస్తోంది. ఆ ఖాళీ గిన్నెను, నిండుగా ఉన్నదాన్ని మోసినట్టు, తొణక్కుండా రెండు చేతులా పట్టుకుని ఇంటికి నడిచింది.